కేటలాగులో లేని చుక్క

ఆ వారమంతా పెంచల్‌కు అన్నం సయించలేదు. పెళ్ళాం సరళ క్యారేజీ విప్పి ముందు పెడితే రెండు ముద్దలు కెలికి చెయ్యి కడుక్కునేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు, మోగకపోతే తీసి చూసుకునేవాడు. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన ముసలాయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోకస్ లైటు వేసి, ఆ మాటే మరిచిపోయి బయటికొచ్చి ఆకాశం చూస్తూ నిలబడ్డాడొకసారి. లోపల ముసలాయన చెమటలు కక్కుతూ, "నాయనా, అయిపోయిందా?" అని అరుస్తున్నాడు. నేనే పోయి లైటు ఆపి వచ్చాను.

నా పేరు కామమ్మ. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో నాది లేడీస్ టైలరింగ్, పక్కది పెంచల్ ఫొటో స్టూడియో. మధ్యలో గోడ ప్లైవుడ్డు. వాళ్ళు తుమ్మితే నేను చిరంజీవ అనాల్సిందే. అందుకని ఇక్కడ చెప్పేదాంట్లో ఏమన్నా తప్పుంటే అది నా మిషన్ మోతలో కొట్టుకుపోయిన ముక్కల వరకే. మిగతాదంతా ఈ చెవులతో విన్నదే.

పెంచల్‌ది చెరువు కింద పల్లె. తండ్రి తిరుపాలు చెరువులో వల వేసేవాడు, చేపలు లేని రోజుల్లో కూలికి పోయేవాడు. పెంచల్ పదో తరగతి తప్పి, పెళ్ళిళ్ళలో లైటు పట్టుకునే పనికి కుదిరాడు. లైటు పట్టుకున్న చేతికి కెమెరా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పెళ్ళి ఆల్బంలో బంధువుల బొమ్మల కింద పేర్లు వేయమంటారు కొందరు. సంగంలో ఒక పెళ్ళికి మేనమామ బొమ్మ కింద పెదనాన్న పేరు వేశాడు వీడు. ఆ మేనమామ బస్సెక్కి వచ్చి ఆల్బం బల్ల మీద విసిరికొట్టాడు. "గంపలో బిడ్డను మోసుకొచ్చింది నేనయితే పేరు ఇంకోడిదా?" అని సందంతా వినపడేలా తిట్టిపోశాడు. అప్పటినుంచి పెంచల్ ఎవరి పేరైనా రెండుసార్లు అడగకుండా వేసేవాడు కాదు.

సరళది ఉదయగిరి, కొండ కిందే ఇల్లు. ఒకసారి అత్తగారింటికి పోయినప్పుడు కరెంటు పోయి ఊరంతా చీకటైతే, కొండ మీది కోట గోడ తీద్దామని కెమెరాను స్టాండు మీద పెట్టి చాలాసేపు తెరిచి ఉంచాడట. కోట సరిగ్గా రాలేదు. పైన చుక్కలొచ్చాయి, చుక్కల మధ్య పొగలాంటి మరక ఒకటి వచ్చింది. లెన్సు తుడిచి మళ్ళీ తీశాడు. మరక అక్కడే ఉంది. అదేమిటో చెప్పే నాథుడు ఉదయగిరిలోనూ లేడు, ఆత్మకూరులోనూ లేడు. దాని పేరేందో తెలుసుకుందామని బయలుదేరినవాడు మళ్ళీ వెనక్కి రాలేదనుకోండి.

ఆకాశానికి కేటలాగులని ఉంటాయట. ఏ చుక్క ఎక్కడుంది, ఏ గెలాక్సీ ఎక్కడుంది అని నంబర్లేసి రాసిపెట్టిన పట్టీలు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాముకు ఫొటో ఇస్తే, చుక్కల మధ్య ఎడం చూసి, ఇది ఆకాశంలో ఫలానా ముక్క అని పట్టేస్తుంది. ఆ తరవాత కేటలాగు చూసి పెద్దవాటికి పేర్లు తగిలిస్తుంది. అది వదిలేసిన సన్నసన్న మరకల్ని పెంచల్ ఒక్కోదాన్ని పెద్దది చేసి, వేరే కేటలాగుల్లో వెతికి, చేత్తో వేస్తాడు. ఒక్క ఫొటోకు వారాలు కూర్చున్న రోజులున్నాయి.

"గెలాక్సీ అంటే ఏందిరా?" అని అడిగాను ఒకసారి, జాకెట్టుకు హుక్కులు కుడుతూ.

"మన సూర్యుడి మాదిరి కోట్ల సూర్యుళ్ళుండే ఊరక్కా. అంత దూరాన్నించి చూస్తే పొగ మాదిరి కనపడతాది."

"అంత పెద్ద ఊరికి నంబరేనా? పేరు పెట్టలేదా?"

"మా పల్లెకు మాత్రం యాడుండాది పేరు? చెరువు కింద పల్లె అంటారు, అంతే గదా," అన్నాడు.

ఇట్లా ఆకాశం ఫొటోలు తీసేవాళ్ళ గుంపొకటి ఫోన్లో ఉంది. తెలుగువాళ్ళే, ఎక్కడెక్కడో ఉంటారు. దానికి పెద్ద గురుస్వామి గారని, బెంగళూరులో ఉంటాడు, ఉద్యోగం చేసి దిగిపోయినాయన. వీడు ఆ గుంపులో చేరి తన పాత ఫొటోలన్నీ పేర్లతో పెట్టాడు. అవి చూసి మిగతావాళ్ళు, "మావాటిక్కూడా పేర్లు వేసిపెట్టు పెంచల్" అని పంపడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. పెంచల్ వేసిన పేరంటే మళ్ళీ ఎవరూ సరిచూసేవాళ్ళు కాదు. ఒక్కడు మాత్రం ఒకసారి, "పెళ్ళిళ్ళ ఫొటోషాప్ ఆయన గదా, కాస్త చూసి నమ్మండి" అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. వీడు ఆ మాట నాకు చూపించి నవ్వాడు గానీ ఆ పూట టీ తాగలేదు. పెళ్ళి ఫొటోలో నల్లబిడ్డను తెల్లగా చేస్తే కడుపు నిండా భోజనం పెట్టి పంపుతారు. ఆ గుంపులో ఫొటోలో లేని చుక్క ఒక్కటి పెట్టినా దొంగ కిందే లెక్క.

ఇంతకీ ఆ వారం సంగతి. సింహరాశిలో మూడు గెలాక్సీలు ఒకచోట ఉంటాయట. ఉదయగిరి కొండ దగ్గర వాటిని తీసుకొచ్చి, పేర్లు వేస్తుంటే, అందులో ఒక గెలాక్సీ అంచున చుక్క కనిపించింది. ప్రోగ్రాము దానికి పేరివ్వలేదు. ఉన్న కేటలాగులన్నీ తిప్పాడు, ఎందులోనూ లేదు. పాత ఫొటోలు తీసి చూస్తే అక్కడ ఖాళీ. గెలాక్సీ పక్కన ఉన్నట్టుండి చుక్క పుట్టిందంటే, అక్కడేదో నక్షత్రం పేలిందని అర్థమట. దాన్ని ముందుగా చూసి చెప్పినవాడి పేరు లోకమంతా రాసుకుంటారు.

పెంచల్ దాన్ని గురుస్వామి గారికి పంపాడు. ఆయన చూసి, "ఒరిజినల్స్ ఉన్నాయా?" అని అడిగాడు. లేవు. పెళ్ళిళ్ళ సీజను, తెల్లారి సంగంలో పెళ్ళి. రాత్రికి రాత్రే అన్నీ కలిపి ఒక్క ఫొటో చేసుకుని, కెమెరా కార్డు తుడిచి ఖాళీ చేసి తీసుకుపోయాడు. ఉన్నదల్లా తయారైన ఫొటో ఒక్కటే. అయినా ఆయన పెంచల్ మీద నమ్మకంతో, అనుమానంగా ఉంది, పరిశీలించండి అని, కొత్త చుక్కల్ని పట్టీలో ఎక్కించే పై వాళ్ళకు పెంచల్ పేరుతో కబురు పంపాడు. పెద్ద టెలిస్కోపు ఉన్న స్నేహితుడు మబ్బు విడవగానే చూస్తాడని చెప్పాడు. మబ్బు విడవలేదు. అకాలంగా అల్పపీడనమొచ్చి ఇక్కడా మబ్బే, అక్కడా మబ్బే.

"ఉంటే ఉంటాది, లేకపోతే లేదు. అంతదానికి నువ్వు ఎండిపోతే ఎట్టరా?" అన్నాను.

"లేకపోతే నేను పెట్టినాననుకుంటారక్కా. ఫొటోషాప్ నా కూడు గదా. ఎవురు నమ్ముతారు?"

అదీ వాడి భయం. పేరు వస్తుందా రాదా అని కాదు, ఉన్న పేరు పోతుందేమోనని.

ఈలోగా లోకల్ ఛానల్ అబ్బాయికి ఎవరో ఉప్పందించారు. వాడొచ్చి, ఆ ఫొటో కావాలి, చుక్క ఎక్కడుందో బాణం గుర్తు వేసి ఇవ్వండి అన్నాడు. నిజమని తేలేదాకా ఛానల్లో వేయొద్దని పెంచల్ బతిమాలి, సరే తయారుగా ఉంచుతాలే అని, చుక్క ఏ గెలాక్సీ అంచునుందో చెప్పి బాణం వేసే పని సరళకు అప్పజెప్పి కరెంటు బిల్లు కట్టడానికి పోయాడు. కాసేపటికి సరళ నా షాపులోకి వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఆ చుక్క నేను పెట్టిందే."

నేను మిషను ఆపేశాను. "ఏ చుక్క?"

"ఆయన పేలిందంటుండాడే, అది. దిష్టిచుక్క."

వీళ్ళ స్టూడియోలో ఒక పద్ధతుంది. ఎప్పుడో ఒక తల్లి బిడ్డకు దిష్టిచుక్క పెట్టకుండా ఫొటో తీయించి, ఇంటికి పోగానే బిడ్డకు జ్వరమొచ్చిందని వచ్చి గొడవ పెట్టుకుంది. ఆ రోజునుంచి, తల్లి మరిచిపోయినా సరే, బిడ్డ బుగ్గ మీద మౌసుతో చుక్క పెట్టకుండా ఫొటో బయటికి పోకూడదని పెంచలే సరళకు చెప్పాడు. ఆల్బం పనీ, రంగులు సరిచేసే పనీ అంతా సరళదే. ఆకాశం ఫొటోలు కూడా రంగులు దిద్దడానికి ముందు ఆమె దగ్గరికే వస్తాయి, ఆ తరవాతే వాడు పేర్లు వేస్తాడు.

"మొదటి ఫొటో వచ్చినప్పుడు అందరూ ఆహా ఓహో అన్నారు గదక్కా. ఆ మర్నాడే స్టాండు కొండ మీంచి పడి లెన్సు పగిలిపాయ. మాయమ్మ అనింది, కండ్లు పడినాయే అని. అప్పట్నించి ఒకటి పెడతా ఉండా. నల్లటి ఆకాశం మీద నల్లచుక్క కనపడదు గదా, తెల్లది పెట్టినాను. చిన్నదే. యాడ బాగా అందంగా ఉంటే ఆడ పెడతా."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం పట్టుకుంది. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే మొద్దుదానా?"

"చుక్క, చుక్క అంటుండాడు గానీ నాకేం తెలుసక్కా యాడుండాదో. తెలుపు నలుపు చేసి, నలుపు తెలుపు చేసి, ఆ ముక్క పెద్దది చేసుకోని చూస్తుండాడు. బాణం వేద్దామని రంగుల ఫొటో తీస్తే కదా..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెప్తే ఆయన తట్టుకోలేడక్కా. చెప్పకపోతే మబ్బు పోయినాక వాళ్ళే చెప్తారు. దొంగ అంటారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "చెప్పు," అన్నాను. "వాళ్ళ నోటి మీదుగా వినేదానికంటే నీ నోటి మీదుగా వినడం మేలు. నేనుంటా పద."

పెంచల్ వచ్చాడు. సరళ చెప్పింది, చెప్పలేక చెప్పింది. నేను వాడి మొహం చూడలేక గోడకున్న పెళ్ళిజంటల బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. వాడు అరవలేదు. కుర్చీలో కూర్చుని, కరెంటు బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కమాట అడిగాడు.

"ఎన్నిట్లో పెట్టినావు?"

"లెన్సు పగిలినాక తీసినవాటన్నిట్లో."

వాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ ఫొటోలన్నీ గుంపులో ఉన్నాయి. వాటిని చూసి ఇంకెవరెవరో తమ ఫొటోలు సరిచూసుకున్నారు. కొన్నిట్లో ఆ తెల్లచుక్కకు దగ్గర్లోనే కేటలాగు చుక్క ఉంటే, ఇదే అది అనుకుని దీనికే పేరు వేసి ఉంటాడు కూడా.

ఊరుకోలేక నేనే అన్నాను. "రే, లెన్సు మీద దుమ్ము పడిందని రాసెయ్. ఎవురికి తెలుస్తాది? ఇంటిగుట్టు ఎందుకు బజారున పెట్టుకునేది?"

"ఈ ఒక్కదానికి దుమ్మంటానక్కా. మిగతావాటికి ఏమంటాను?"

ఆ సాయంత్రమే గుంపులో అంతా రాసేశాడు. దిష్టిచుక్క అంటే ఏమిటో విప్పి చెప్పి, తప్పు నాదే, ఫొటో బయటికి పోయేముందు చూసుకోవాల్సింది నేను అని రాశాడు. సరళ పేరు రాయలేదు, మా స్టూడియోలో అని రాశాడు. అది వాడి పెళ్ళామేనని ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది, అది వేరే సంగతి. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఒకడు చందమామ బుగ్గకు నల్లచుక్క పెట్టి పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి పట్టుకుని రెండు వాయించాలనిపించింది గానీ వాడు హైదరాబాదులో ఉంటాడట.

గురుస్వామి గారు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నిజం చెప్పావు, సంతోషం. కబురు వెనక్కి తీసుకుంటాను. కొన్నాళ్ళు పేర్లు వేసే పని ఇంకొకళ్ళు చూస్తారులే పెంచల్," అన్నాడు. తిట్టినా బాగుండేది. పెంచల్ "సరే సార్, సరే సార్" అంటూనే ఉన్నాడు, అవతల ఆయన పెట్టేసినా.

మర్నాడు మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ పాత ఫొటోలు ముందేసుకుని కూర్చున్నారు. చుక్కలు ఏరి తీసేసి, మంచి ఫొటోలు మళ్ళీ పంపాలని. వాళ్ళ పాప బడికి పోయింది. జాకెట్లు పక్కన పెట్టి నేనూ పోయి కూర్చున్నాను. వాడు ఫొటో తెరవడం, సరళ తలొంచుకుని వేలు పెట్టి చూపించడం. "ఇదో, ఇక్కడ." "ఇందులో ఈ మూల." వాడు దాన్ని కేటలాగుతో సరిచూసి తుడవడం.

అట్లా పోతూ పోతూ కన్యారాశి ఫొటో ఒకటి తెరిచాడు. పోయినేడు తీసింది. గుంపులో చేరకముందు ఫొటో. సరళ పైమూలన తన చుక్క చూపించింది. వాడు తుడిచాడు. మిగతాదంతా ఎందుకైనా మంచిదని కేటలాగుతో సరిచూస్తూ, మధ్యలో, నంబరే తప్ప పేరు లేని చిన్న గెలాక్సీ దగ్గర ఆగాడు. దాన్ని ఆనుకుని ఒక చుక్క ఉంది.

"ఇక్కడ కూడా పెట్టినావా?" అన్నాడు, గొంతు విసుగ్గా.

"లేదు."

"సరిగ్గా చూడు."

సరళ దగ్గరికి జరిగి చూసింది. "నేను ఫొటోకు ఒకటే పెడతా. అది తుడిచేసినావు గదా. ఇది నాది కాదు."

వాడు మళ్ళీ కేటలాగులన్నీ తీశాడు. ఆ చుక్క ఎందులోనూ లేదు. ఆ తరవాత పేలిన నక్షత్రాల పట్టీ అని ఒకటి ఉంటుందట, అది తీశాడు. అక్కడ ఉంది. అదే గెలాక్సీ, అదే చోటు. ఎవరో ఎక్కడో దేశం కాని దేశంలో చూసి చెప్పారు. వాళ్ళు చూసిన తేదీ, వీడు ఫొటో తీసిన తేదీకి వారం తరవాతిది.

పెంచల్ మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అప్పుడు నేను దీన్ని చూసినానక్కా," అన్నాడు నాతో. "నేనప్పుడు ఈ పనికి కొత్త. సరిగ్గా తెలీదు. ఏదో చిల్లర చుక్క, కేటలాగులో రాసుండరులే అని వదిలేసినా."

"అయితే చెప్పు వాళ్ళకు," అన్నాను. "అందరికంటే ముందు తీసింది నువ్వే కదా. ఆ నవ్వినోళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"ఏమని చెప్పేది? నిన్ననే రాసినా, నా ఫొటోలన్నిట్లో చుక్కలు పెట్టి ఉండాయని. ఇయ్యాళ వచ్చి, ఇది మాత్రం నిజమైంది అంటే? పట్టీ చూసుకోని ఆడ పెట్టినాడంటారు." వాడు నవ్వబోయాడు, రాలేదు. "ఫొటోషాప్ కదా నాది."

వాడు ఫొటో మూసేయబోతే సరళ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి వాడి పనిలో చెయ్యి అడ్డం పెట్టడం నేను చూడలేదు. బల్ల మీది పెంచల్ ఫోను తీసుకుంది. ఆ గుంపులో ఆమె ఎన్నడూ ఒక్క అక్షరం రాయలేదు. ఫొటో పెట్టింది. దాని కింద ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ తెలుగులో రాసింది. నేను పక్కనుంచి చదువుతూనే ఉన్నాను.

"గురుస్వామి సార్, నేను పెంచల్ భార్య సరళను. చుక్కలు పెట్టింది నేనే. ఆయనకు తెలీదు. ఈ ఫొటోలో గెలాక్సీ పక్కన ఉండే చుక్క మాత్రం నేను పెట్టలేదు సార్. అది ఆకాశంలో ఉన్నిందే. మా పాప మీద ఒట్టు."

"బిడ్డ మీద ఒట్టెందుకే!" అని పెంచల్ ఫోను లాక్కోబోయాడు. అప్పటికే పోయింది.

మా వైపు తల్లి బిడ్డ మీద ఒట్టేస్తే ఇంక ఎవరూ మారు మాట్లాడరు. పంచాయితీల్లో పెద్ద పెద్ద తగాదాలు ఆ ఒక్క మాటతో తెగిపోవడం నేను చూశాను. ముగ్గురం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బయట నెల్లూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎవరో ఫొటోకు వచ్చి తలుపు తట్టి, పలకకపోతే వెళ్ళిపోయారు. గుంపులో ఈసారి నవ్వే బొమ్మ ఒక్కటీ పడలేదు. గురుస్వామి గారు చదివినట్టు గుర్తు పడింది. రాస్తున్నాడని చూపించింది, ఆగింది, మళ్ళీ రాస్తున్నాడని చూపించింది. సరళ కొంగు కొస వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది. పెంచల్ మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

జవాబొచ్చింది. నేనే పైకి చదివాను.

"నమ్ముతున్నానమ్మా. నువ్వు అంత మాట అన్నాక నేను అనుమానపడను. కానీ వాళ్ళ పట్టీలో ఎక్కించాలంటే నా నమ్మకం సరిపోదు. కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫొటో ఉంటే పంపు తల్లీ. ఒక్కటి చాలు. నేనే దగ్గరుండి మాట్లాడతాను."

సరళ ఆశగా పెంచల్ వైపు తిరిగింది. వాడు కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"మర్నాడు జలదంకిలో పెళ్ళుండింది," అన్నాడు. "కార్డు ఖాళీ చేసినా."

సరళ ఫోను తన వైపు తిప్పుకుంది. ఆ తరవాత "లేదు సార్" అని రాసి పంపింది.